చలి కాదు, మంచు

అంటార్కిటికా సముద్రపు అడుగున జీవం పలచబడితే తప్పు చలిదే అనుకుంటాం. మెక్‌మర్డో సౌండ్‌లో నీరు దాదాపు ఏడాదంతా మైనస్ 1.9 డిగ్రీల దగ్గరే ఉంటుంది. అయినా 33 మీటర్ల లోతు దాటితే స్పంజికలు కిక్కిరిసి కనిపిస్తాయి. 15 మీటర్లలోపు మాత్రం నేల ఇంచుమించు బోసి. అక్కడ అడుగునే గడ్డకట్టే మంచు, తేలిపోతూ జీవులనూ పైకి లాక్కుపోతుంది.

చలి ఎదుగుదలను మందగింపజేయదా? చేస్తుంది, కానీ అది సగం మాటే. 1995లో అంటార్కిటికాలోని లార్సెన్-ఎ అనే తేలే మంచు ఫలకం కూలాక నీటిలో వెలుతురు పడింది, నాచు పెరిగింది, తిండి కిందికి రాలింది. నత్తనడక ఎదుగుదలకు పేరుబడ్డ గాజు స్పంజికల సంఖ్య అక్కడ 2007-2011 మధ్య మూడింతలైంది, అదీ గడ్డకట్టే నీళ్లలోనే! అలాగని మంచు కరగడం మేలనుకోలేం. సముద్రంపై మంచు పొర నిలిచే రోజులు తగ్గితే, మంచుకొండలు స్వేచ్ఛగా కదిలి అడుగును గీరేస్తాయి. అంటార్కిటికాలోని రొథేరా పరిశోధనా కేంద్రం దగ్గర పరిశోధకులు అడుగున పెట్టిన కాంక్రీటు గుర్తులనే అవి నుజ్జు చేశాయి.