దీపాల వీథిలో కాలినడక

న్యూయార్క్ నగరంలోని బ్రూక్లిన్‌లో డైకర్ హైట్స్ అనే పేట ఉంది. డిసెంబరు వచ్చిందంటే అక్కడి ఇళ్ళు గడప మొదలు చూరు దాకా విద్యుద్దీపాలతో నిండిపోతాయి. 1980వ దశకంలో కొద్ది ఇళ్ళతో మొదలైన ఈ వేడుక క్రమంగా వీథులకు వీథులనే ఆక్రమించింది. కార్లలో వచ్చినవారు నత్తనడకన సాగుతూ అద్దాల చాటునుండి చూసి వెళ్తారు. దీపం సంగతి, దానిని చూసే కంటి సంగతి తెలిసేది మాత్రం దిగి నడిచేవారికే.

క్రిస్మస్ చెట్టుకు విద్యుద్దీపాలు కట్టిన తొలి ఘనతా ఈ నగరానిదే. 1882 డిసెంబరులో ఎడిసన్ సహచరుడు ఎడ్వర్డ్ జాన్సన్ ఎరుపు, తెలుపు, నీలం బల్బులు 80 అమర్చి, చెట్టును సైతం విద్యుత్తుతోనే తిప్పించాడు.

పాతరకం చిన్నబల్బుల తోరణం కనిపిస్తే కాసేపు ఆగవలసిందే. అమెరికాలో ఇంటి విద్యుత్తు 120 వోల్టులు. 50 బల్బులను ఒకదాని వెంట ఒకటిగా కలిపితే ఒక్కొక్కదానికి సుమారు రెండున్నర వోల్టులు వస్తాయి. మన పెళ్ళిపందిళ్ళ సీరియల్ లైట్ల కిటుకూ ఇదే. మరి ఒకటి మాడితే అన్నీ ఆరిపోవాలి గదా? తంతువు తెగగానే 120 వోల్టులూ ఆ ఒక్క బల్బు మీదనే పడతాయి. దాని అడుగున చుట్టి ఉంచిన సన్నని తీగపై ఉన్న ఆక్సైడు పొర ఆ ధాటికి చిట్లి, ప్రవాహానికి దొడ్డిదారి దొరుకుతుంది. తక్కినవి వెలుగుతూనే ఉంటాయి. కాని మాడినదాని వంతు వోల్టులనూ అవే పంచుకొంటాయి గనుక మరింత ప్రకాశించి, మరింత త్వరగా మాడతాయి. మాడిన బల్బును వెంటనే మార్చమనడం అందుకే.

నేడు ఎక్కువగా కనిపించేవి ఎల్.ఇ.డి. దీపాలు. నూరు బల్బుల పాత తోరణానికి 40 వాట్లు కావాలి, వీటికి పది వాట్లయినా అక్కరలేదు. చౌకరకం వాటిపై చూపును చప్పున పక్కకు తిప్పితే వెలుగుగీత చుక్కలుగా తెగుతుంది. అవి సెకనుకు 60 లేక 120 సార్లు ఆరి వెలగడమే దానికి కారణం. 2014లో నోబెల్ బహుమతి తెచ్చిన నీలపు ఎల్.ఇ.డి. మాత్రం దూరానికి మసకగా తోస్తుంది. అది కళ్ళజోడు దోషం కాదు. కంటి కటకం నీలికాంతిని నేత్రపటలానికి కాస్త ముందే కేంద్రీకరిస్తుంది. చీకటిలో కంటిపాప విచ్చుకొన్నప్పుడు ఆ మసక హెచ్చుతుంది.

స్వదేశం నుండి వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళేవారు ఇంకొక విషయం గమనించాలి. జిగేలుమనే ఇంటి ముందు నిలిచినప్పుడు కంటిలోని దండకణాలలో రొడాప్సిన్ అనే పదార్థం విచ్ఛిన్నమవుతుంది. అది మళ్ళీ సమకూరి కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడడానికి 20 నుండి 30 నిమిషాలు పడుతుంది. వృద్ధులకు మరీ ఆలస్యం. శుక్లం మొదలైన కంటిలోనైతే వెలుగు చెదిరి, ఎదుటి వస్తువును కప్పివేస్తుంది. మలుపు తిరిగి చీకటి వీథిలో అడుగు పెట్టగానే కాలిబాట అంచు గాని, గడ్డకట్టిన మంచు గాని వారికి ఆనదు. అక్కడ కొన్ని నిమిషాలు నిలిచి, చేతిదీపం నేలకేసి పట్టి, చెయ్యి ఊతమిచ్చి కదలడం మేలు. లేతరంగు కోటు తొడిగితే ఇంకా మంచిది: ఎదురుగా కారు తోలుకొని వచ్చేవాడూ ఆ దీపాల వెలుగులో నుండే వస్తున్నాడు, నల్లకోటు మనిషి అతని కంటికీ ఆనడు.