చలికి మొండికేసే డీజిల్ పికప్

డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. సిలిండర్‌లోకి వచ్చిన గాలిని పిస్టన్ పదహారో పదిహేడో వంతుకు నొక్కేసరికి ఆ గాలి 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఇంజెక్టర్ చిమ్మిన డీజిల్ ఆ వేడికే అంటుకుంటుంది. చలికాలం తెల్లవారుజామున ఈ లెక్క తప్పుతుంది. చల్లబడిన ఇనుము గాలిలోని వేడిని పీల్చేస్తుంది. చిక్కబడిన ఇంజిన్ ఆయిల్ తిరగడాన్ని బరువు చేస్తుంది. బ్యాటరీలో సత్తువ తగ్గుతుంది. పాడేరు, లంబసింగి వైపు నుంచి కూరగాయలు దించే పికప్పులకూ, ఆదిలాబాద్‌లో పాల క్యాన్లు ఎత్తుకునే బండ్లకూ డిసెంబరు, జనవరి నెలల్లో ఎదురయ్యే ఇబ్బంది ఇదే. అయినా బాగున్న బండి ఈ మాత్రం చలిని తట్టుకుంటుంది. మొండికేసిందంటే లోపం ముందే ఉంది, చలి దాన్ని బయటపెట్టిందన్నమాట.

కాబట్టి పరీక్ష చల్లటి ఇంజిన్ మీదే జరగాలి. మామూలుగా జరిగేది వేరు. డ్రైవరు పొద్దున్నే తంటాలు పడి స్టార్ట్ చేసి, లోడు దించి, పదకొండింటికి షెడ్డుకు వెళతాడు. అప్పటికి కాగి ఉన్న ఇంజిన్ తాళం తిప్పగానే అందుకుంటుంది. మెకానిక్‌కు లోపం కనిపించదు, ఊహ మీద కొత్త బ్యాటరీ పడుతుంది. ముందురోజు సాయంత్రమే బండిని షెడ్డులో వదిలి, తెల్లారాక మెకానిక్ ఎదుటే మొదటిసారి సెల్ఫ్ కొట్టించడం మేలు.

మొదట వినాల్సింది సెల్ఫ్ శబ్దం. ఇంజిన్ ఈడ్చుకుంటూ తిరుగుతోందా, లేక చురుగ్గా తిరిగి కూడా అందుకోవడం లేదా? ఈ రెండూ వేర్వేరు జబ్బులు.

ఈడ్చుకుంటుంటే కరెంటు వైపు చూడాలి. రాత్రంతా ఆగిన బండిలో బ్యాటరీ 12.6 వోల్టులు చూపితే నిండుగా ఉన్నట్టు, 12.4 అయితే ముప్పాతిక. ఈ అంకె ఒక్కదాన్నే నమ్మకూడదు. సెల్ఫ్ కొడుతున్నప్పుడు వోల్టేజి 10కి బాగా దిగువకు జారితే బ్యాటరీ బలహీనమైందని అనుమానించాలి. 11 దగ్గరే నిలిచినా ఇంజిన్ బరువుగా తిరుగుతుంటే వైర్లలోనో సెల్ఫ్ మోటారులోనో తేడా ఉంది. అప్పుడు మల్టీమీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగెటివ్ కడ్డీకీ, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకు మీద శుభ్రమైన చోటుకీ ఆనించి సెల్ఫ్ కొట్టాలి. అర వోల్టు కనిపించినా ఎర్త్ వైరు చివర తుప్పు పట్టిందనో వదులైందనో అర్థం. పైకి మెరిసే టెర్మినల్ కింద కూడా తెల్లటి పొడి దాగి ఉండవచ్చు. విప్పి, గీకి, బిగిస్తే ఖర్చు లేకుండానే చాలా బండ్లు దారికొస్తాయి. కంపెనీ చెప్పినదానికంటే చిక్కటి ఆయిల్ పోసినా ఇదే లక్షణం.

చురుగ్గా తిరిగి కూడా అందుకోకపోతే సైలెన్సర్ వైపు చూడాలి. తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ చేరుతోంది, వేడి చాలడం లేదు. మొదటి అనుమానం సిలిండర్‌ను ముందుగా వేడిచేసే హీటర్ ప్లగ్గుల మీద. తాళం వేయగానే మీటర్ల దగ్గర స్ప్రింగు గుర్తు వెలిగినంత మాత్రాన ప్లగ్గులు పనిచేస్తున్నట్టు కాదు. వాటి మీది వైరు తీసి, టెస్ట్ ల్యాంపు క్లిప్పును బ్యాటరీ పాజిటివ్‌కు పెట్టి, మొనను ఒక్కో ప్లగ్గు తలకు తాకించాలి. ల్యాంపు వెలగని ప్లగ్గు లోపల తెగిపోయినట్టే. అన్నీ బాగుంటే ఫ్యూజు, రిలే చూడాలి. కొత్త బండ్లలో కొన్ని ప్లగ్గులు 12 వోల్టులకు పనికొచ్చేవి కావు, బ్యాటరీకి నేరుగా కలిపితే మాడిపోతాయి. పాత ప్లగ్గును విప్పేది మాత్రం ఇంజిన్ కాస్త వేడెక్కాకే. చల్లగా బిగుసుకున్నదాన్ని బలంగా తిప్పితే హెడ్డులోనే విరుగుతుంది, అప్పుడు హెడ్డు దించాల్సి రావచ్చు.

ప్లగ్గులను ఎంతసేపు కాల్చాలో, ఎంత డీజిల్ చిమ్మాలో ఇంజిన్ కంప్యూటరు టెంపరేచర్ సెన్సార్‌ను బట్టే నిర్ణయిస్తుంది. తెల్లవారుజామున స్కానర్ పెడితే ఆ సెన్సార్ బయటి చలికి దగ్గరి అంకె చూపాలి. వణికే చలిలో 60 డిగ్రీలు చూపితే దొంగ దొరికినట్టే.

పొగే రాకపోతే ఇంజిన్‌కు డీజిల్ అందడం లేదు. రాత్రి ఏదో సన్నటి సందులోంచి గాలి దూరి, పైపులోని డీజిల్ ట్యాంకులోకి దిగిపోతుంది. పైపు బయటికి కారకపోయినా గాలి పీల్చగలదు. ఫిల్టరు దాటాక ఒక పారదర్శకపు పైపు ముక్క తగిలిస్తే బుడగలు కళ్లకు కనిపిస్తాయి. చేతిపంపు కొట్టగానే బండి అందుకుంటే అనుమానం బలపడినట్టే. కామన్ రైల్ ఇంజిన్‌లో, ఇంజెక్టర్లన్నిటికీ డీజిల్ పంచే ఉమ్మడి గొట్టంలో (రైల్‌లో) తగిన ఒత్తిడి, సాధారణంగా 200 బార్ అటూఇటూ, చేరేదాకా ఇంజెక్టర్లు తెరుచుకోవు. అరిగిన ఇంజెక్టర్ డీజిల్‌ను వెనక్కి వదిలేస్తుంది. రిటర్న్ పైపులకు సీసాలు కట్టి సెల్ఫ్ కొడితే ఏ సీసా ముందు నిండితే ఆ ఇంజెక్టర్ మీద కన్నేయాలి.

ఇవన్నీ సరిగ్గా ఉన్నా తెల్లపొగ ఆగకపోతే కంప్రెషన్ కొలవాలి. అరిగిన రింగులు, వాల్వులు గాలిని వదిలేస్తే వేడి పుట్టదు. అది పెద్ద పని, అందుకే చివరికి మిగులుతుంది.

డీజిలే గడ్డకట్టే చలి లద్దాఖ్ లాంటి చోట్ల సమస్య. అక్కడి కోసమే ఇండియన్ ఆయిల్ 2019లో మైనస్ 33 డిగ్రీల దాకా పారే చలికాలపు డీజిల్‌ను తెచ్చింది. తెలుగు నేల మీద లోపం ఎక్కువగా బండిలోనే ఉంటుంది.

ఈలోగా బండి నడపక తప్పనివారు హీటర్ గుర్తు ఆరాకే సెల్ఫ్ కొట్టాలి. ఒక్కో విడత పది సెకన్లు దాటించకుండా, మధ్యలో నిమిషమైనా ఆగాలి. లేకపోతే మోటారు కాలుతుంది. గాలి గొట్టంలోకి ఈథర్ స్ప్రే కొట్టకూడదు, ఎర్రగా కాగిన ప్లగ్గు తగిలి పేలితే పిస్టన్లు పగలవచ్చు. ట్యాంకు కిందో ఇంజిన్ కిందో మంట పెట్టడం అంతకంటే ప్రమాదం.