దొంగకు పనికిరాని ఫోను

2013లో అమెరికాలో 31 లక్షల ఫోన్లు దొంగల పాలయ్యాయని కన్స్యూమర్ రిపోర్ట్స్ పత్రిక అంచనా వేసింది. రైలు తలుపులు మూసుకుపోయే క్షణంలో చేతిలోది లాక్కుని ప్లాట్‌ఫారం మీదికి దూకేసేవారు. ఫోనులో ఏముందన్నది ఆ దొంగకు అనవసరం. అంతా చెరిపేస్తే చాలు, అమ్మకానికి సిద్ధం. స్టార్, హ్యాష్, సున్నా, ఆరు, హ్యాష్ నొక్కితే తెర మీద 15 అంకెలు కనిపిస్తాయే, ఆ ఐఎంఈఐ నంబరును నెట్‌వర్క్‌లో అడ్డుకోవచ్చు. కానీ సముద్రం దాటించిన ఫోనుకు ఆ అడ్డు పెద్దగా అంటదు.

అదే ఏడు సెప్టెంబరులో ఐఓఎస్ 7తో ఆపిల్ యాక్టివేషన్ లాక్ తెచ్చింది. కిటుకల్లా తాళం పెట్టిన చోటులో ఉంది. ఫోనులోనే పెడితే దొంగ దాన్నీ చెరిపేస్తాడు. అందుకే యజమాని ఎవరో చెప్పే చిట్టాను కంపెనీ సర్వర్లో దాచారు. చెరిపేసిన ఫోను మళ్లీ లేచి, "హలో" అని పలకరించి, వైఫై అందుకుని సర్వర్‌ను అడుగుతుంది. అసలు యజమాని పాస్‌వర్డ్ కొడితే తప్ప అక్కణ్ణుంచి కదలదు. విడిభాగాలకు తెగనమ్ముకోవాల్సిందే.

శాన్‌ఫ్రాన్సిస్కో డిస్ట్రిక్ట్ అటార్నీ జార్జ్ గాస్కోన్ వంటివారు ఈ తాళం అన్ని ఫోన్లలో ఉండాలని పట్టుబట్టారు. మిన్నెసోటా ముందే చట్టం చేసింది. 2014 ఆగస్టులో కాలిఫోర్నియా కూడా చేసింది. 2015 జులై 1 నుంచి తయారై అక్కడ అమ్ముడయ్యే ప్రతి స్మార్ట్‌ఫోనూ, మొదటిసారి ఆన్ చేసినప్పుడే ఈ తాళం వేసుకోమని అడగాలి.

డిజిటల్ హక్కుల సంస్థ ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఒప్పుకోలేదు. మనకు దూరాన ఉన్న తాళం మనవాళ్లే తిప్పుతారని నమ్మకమేమిటని దాని భయం. అది ఉత్త ఊహేమీ కాదు. 2011 ఆగస్టు 11న, పోలీసు కాల్పుల మీద నిరసన జరగబోతోందని తెలిసి, బార్ట్ రైలు సంస్థ శాన్‌ఫ్రాన్సిస్కో భూగర్భ స్టేషన్లలో సెల్ సిగ్నల్ ఆపేసింది. కాలిఫోర్నియా చట్టంలోనే ఒక వాక్యముంది: ప్రభుత్వం ఈ తాళం వాడి సేవలు ఆపాలంటే, సిగ్నళ్ల నిలిపివేతకు ఉన్న పాత చట్టానికి లోబడాలి. భయం తీర్చడానికి రాసిన ఆ వాక్యమే నాకు ఎక్కువ భయం పుట్టిస్తుంది.

మన దగ్గర, పోయిన ఫోన్ల కోసం ఉన్న సంచార్ సాథీ పోర్టల్ ద్వారా తెలంగాణ పోలీసులు వేలకొద్దీ ఫోన్లు వెతికి ఇచ్చారు, ఎవరూ గొడవ చేయలేదు. 2025 నవంబరు చివర్లో టెలికాం శాఖ దాని యాప్‌ను ప్రతి కొత్త ఫోనులో ముందే వేసి అమ్మాలనేసరికి దుమారం రేగింది. డిసెంబరు 3న ఆ ఆదేశం వెనక్కి పోయింది. ఫోను పోగొట్టుకున్నవాళ్లు మాత్రం ఇప్పటికీ ఆ పోర్టల్ తలుపే తడుతున్నారు.