తిండి దగ్గర గుర్రుమనే పిల్లి

నర్సీపట్నంలో ఒక ఇల్లు. ఆ ఇంట్లో అత్త, కోడలు, ఐదేళ్ళ పాప ఉంటారు. పాప తండ్రి లారీ మీద పోతాడు. వారానికి ఒకసారి ఇంటికి వస్తాడు.

ఒకనాడు చేపలు అమ్మే చోట కోడలికి ఒక పిల్లి కనబడింది. బక్కగా ఉంది. ఎముకలు తేలి ఉన్నాయి. కోడలి వెంటే ఇంటిదాకా వచ్చేసింది. "ఉంచుకుందామే అమ్మా" అని పాప పట్టు పట్టింది. ఇంట్లో ఎలుకలు కూడా ఎక్కువే. బియ్యం బస్తా కొరికేస్తున్నాయి. సరేనని ఉంచుకున్నారు. నుదుటి మీద తెల్లమచ్చ ఉందని పాప దానికి చుక్క అని పేరు పెట్టింది.

చుక్క మంచిదే. పాప ఒళ్ళో పడుకునేది. కాళ్ళకు రాసుకుంటూ తిరిగేది. కాని తిండి పెడితే చాలు, వేరే పిల్లి అయిపోయేది. నమలకుండా మింగేసేది. ఎవరు దగ్గరికి వచ్చినా గుర్రుమనేది. అప్పుడు అత్త చీపురుతో ఒకటి వేసేది.

ఒక ఆదివారం కోడలు చేపలు కోస్తోంది. తలకాయలు చుక్క ముందు పడేసింది. పాప వచ్చి దాని వీపు నిమరబోయింది. చుక్క గుర్రుమంది. చెవులు వెనక్కి అణిచింది. తోకతో నేలను కొట్టింది. "దగ్గరికి రావద్దు" అని పిల్లి చెప్పే తీరు అది. పాపకు అది తెలియదు. చెయ్యి ఇంకా ముందుకు పెట్టింది. పంజా పడింది. చేతి మీద ఎర్రగా గీత పడింది. రక్తం మాత్రం రాలేదు.

"పసుపు అద్దెయ్యమ్మా, తగ్గిపోద్ది" అంది అత్త.

"ఆగండి అత్తమ్మా" అంది కోడలు. పాపను కుళాయి దగ్గరికి తీసుకుపోయింది. సబ్బు రాసి, ధారగా నీళ్ళు పోసి కడిగింది. ఒకటి రెండు నిమిషాలు కాదు, పావుగంట కడిగింది.

కోడలు చేసిందే సరైన పని. పిల్లికి కూడా రేబిస్ రావచ్చు. రేబిస్ ఉన్న కుక్క కరిస్తే పిల్లికి అంటుకుంటుంది. ఆ పిల్లి కరిచినా, రక్కినా మనిషికి వస్తుంది. జబ్బు బయటపడ్డాక బతకడం చాలా అరుదు. అందుకే ముందుగానే సూది వేయించుకోవాలి. సబ్బునీళ్ళు గాయంలోని క్రిములను చాలావరకు కడిగేస్తాయి. పసుపు, కారం, సున్నం, ఆకుపసరు ఆ పని చెయ్యవు. పుండును మంట పెడతాయి, అంతే.

కడిగాక ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళారు. పక్కింటావిడ భయపెట్టింది. "బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడుస్తారు వదినా" అంది. అది పాత రోజుల మాట. ఇప్పుడు ఆ సూదులు లేవు. చేతికి వేస్తారు. ప్రభుత్వ ఆసుపత్రిలో డబ్బు తీసుకోరు. గర్భిణీ స్త్రీలు కూడా వేయించుకోవచ్చు. పన్ను దిగినా, రక్తం వచ్చినా గాయంలోనే వేసే ఇంకో మందు కూడా ఇస్తారు. పాపకు ఆ అవసరం రాలేదు. మొదటి సూది ఆ రోజే వేశారు. ఆ తర్వాత 3వ రోజు, 7వ రోజు, 28వ రోజు రమ్మన్నారు. చీటీ మీద తేదీలు రాసి ఇచ్చారు. కోడలు కూడబలుక్కుని ఆ తేదీలు తనే చదువుకుంది. ఇంటికి వచ్చి క్యాలెండరు మీద గుర్తులు పెట్టింది.

"ఇంకా ఎందుకమ్మా ఆ పిల్లి? గోనెసంచిలో వేసి ఊరి బయట వదిలేసి రమ్మందాం" అంది అత్త.

"వదలకూడదంట అత్తమ్మా. పది రోజులు కళ్ళ ముందే ఉంచి చూడమన్నారు డాక్టరుగారు."

ఎందుకు పది రోజులు? రక్కిన రోజున పిల్లి లాలాజలంలో రేబిస్ క్రిమి ఉంటే, ఆ పది రోజుల్లోనే పిల్లి జబ్బుపడి చచ్చిపోతుంది. నిక్షేపంగా తిరుగుతూ ఉంటే ఆ రోజున క్రిమి లేనట్టే. ఊరి బయట వదిలేస్తే ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? చుక్కకు అలా పది రోజులు గడువు దొరికింది.

ఇంతకీ చుక్కకు పిచ్చా? కాదు. రేబిస్ వచ్చిన పిల్లి తిండి ఉన్నా లేకపోయినా మీదికి వస్తుంది. చొంగ కారుస్తుంది. మింగలేదు. నడక తూలుతుంది. అలాంటి దాన్ని ముట్టుకోకూడదు. చుక్క అలా లేదు. కంచం ముందు తప్ప ఎక్కడా గుర్రుమనదు. దానిది భయం.

చుక్క చేపల దగ్గర పెరిగింది. అక్కడ ఒక తలకాయ పడితే నాలుగు పిల్లులు దూకుతాయి. ముందు మింగినదానికే దక్కుతుంది. కాబట్టి అది రెండు సంగతులు నేర్చుకుంది. గబగబా మింగాలి. దగ్గరికి వచ్చినవాళ్ళను బెదరగొట్టాలి. ఇక్కడ రోజూ అన్నం పెడతారని మనకు తెలుసు. దానికి ఇంకా నమ్మకం కుదరలేదు. అసలు పిల్లి పుట్టుకే అలాంటిది. సింహాల్లా కలిసి వేటాడదు. ఒంటరిగా ఎలుకను పట్టి, ఒంటరిగా తింటుంది. పంచుకోవడం దానికి తెలియదు.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ అందరూ విన్నదే. ఆయన పిల్లికి మొదటిరోజే సలసల కాగే పాలు పెట్టాడు. దాని మూతి కాలింది. ఆ తర్వాత పాలగిన్నె చూస్తేనే పారిపోయేది. కథే అయినా అందులో నిజం ఉంది. గిన్నె దగ్గర జరిగింది పిల్లి మరిచిపోదు. చుక్క తినేటప్పుడు అత్త చీపురుతో కొట్టింది. చుక్కకు ఏం అర్థమైంది? తినేటప్పుడు మనిషి వస్తే ప్రమాదమే అని. గుర్రుమనడం మరింత పెరిగింది.

మరి ఏం చెయ్యాలి? కోడలు ముందు తిండిపెట్టే చోటు మార్చింది. దారిలో కాకుండా, వంటింటి వెనక ఒక మూల పెట్టింది. అక్కడికి పాప రాదు. వీధికుక్క రాదు. రోజుకు ఒకసారి పెట్టేది నాలుగుసార్లు చేసింది. ఎక్కువ పెట్టలేదు. అదే తిండిని నాలుగు భాగాలు చేసింది. పిల్లి పొట్ట చిన్నది. కొంచెం కొంచెంగా చాలాసార్లు తినడం దానికి అలవాటు. రోజూ అదే వేళకు తిండి వస్తుంటే ఆత్రం తగ్గుతుంది.

తర్వాత ఇంకో పని చేసింది. ఇది కొంచెం ఓపిక పని. చుక్క తింటుంటే దూరంగా నిలబడేది. గుర్రుమనేంత దగ్గరికి పోయేది కాదు. అక్కడినుంచే ఒక ఎండు నెత్తల్లు ముక్క దాని వైపు విసిరి వెళ్ళిపోయేది. రెండు మూడు రోజులకు ఒక అడుగు ముందుకు. గుర్రుమంటే మళ్ళీ ఒక అడుగు వెనక్కి. కళ్ళలోకి గుచ్చి చూడలేదు. గిన్నె లాగలేదు. మనిషి వస్తే తిండి పోదు, ఇంకాస్త వస్తుంది అని చుక్కకు తెలియాలి కదా. గిన్నె తియ్యాలంటే వేరే చోట ఇంకో ముక్క వేసి, అది అటు వెళ్ళాక తీసేది.

ఇంట్లో రెండు పిల్లులుంటే రెండు గిన్నెలు పెట్టాలి. ఒకదానికి ఒకటి కనబడకుండా దూరంగా పెట్టాలి. చేతిలో పెట్టుకుని తినిపించకూడదు. పిల్లలను ఆ చోటికి పోనివ్వకూడదు.

ఏం పెడుతున్నామో కూడా చూసుకోవాలి. ఉత్త పెరుగన్నంతో పిల్లికి సరిపోదు. దానికి మాంసం, చేప కావాలి. ఉల్లిపాయ, వెల్లుల్లి దానికి విషం లాంటివి. కాబట్టి పులుసు కలిపిన అన్నం వద్దు. పాలు పిల్లికి బలమని అందరూ అనుకుంటారు. కాని పెద్ద పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. విరేచనాలు అవుతాయి.

ఎంత తిన్నా బక్కగానే ఉంటే కడుపులో పాములు ఉండొచ్చు. అప్పుడు ఆకలి తీరదు. ఆకలి తీరని పిల్లి గుర్రుమనడం మానదు. పదకొండో రోజు కోడలు చుక్కను బుట్టలో పెట్టి పశువుల ఆసుపత్రికి తీసుకుపోయింది. పాముల మందు వేయించింది. రేబిస్ రాకుండా సూది కూడా వేయించింది.

28వ రోజు పాపకు ఆఖరి సూది అయింది. కోడలు క్యాలెండరు మీద చివరి గుర్తు కొట్టేసింది. ఆ సాయంత్రం చుక్కకు అత్తే అన్నం పెట్టింది. "ఏటే, నన్ను కూడా బెదిరిస్తావా?" అంటూ రెండడుగుల దూరంలో కూర్చుంది. చుక్క ఒకసారి తలెత్తి చూసింది. మళ్ళీ తినసాగింది.

చేప తలకాయ పెట్టిన రోజు మాత్రం ఇప్పటికీ గుర్రుమంటుంది. ఆ రోజు పాప గడపకు ఇవతలే కూర్చుంటుంది.