ఊసరవెల్లికి గిన్నెలో భోజనం

నల్లజర్ల మెట్టలో కొమ్మమీద ఊగుతూ ఊగుతూ నడిచే ఊసరవెల్లిని మీరు చూశారా? (కంచెమీద తల ఆడించేది తొండ. ఊసరవెల్లి అనుకుని దాన్ని కొట్టేవాళ్ళున్నారు, పాపం!) దాన్ని పట్టి తెచ్చి, గిన్నెలో చచ్చిన ఈగలు వేసి చూడండి. వాటివంక తిరిగైనా చూడదు. ఎందుకంటారా? దానికి కదిలేదే తిండి. కళ్ళు రెండూ చెరోవైపు తిరుగుతూ వెతుకుతాయి. పురుగు కదలగానే రెండూ దానిమీదనే నిలుస్తాయి. అంతే! ఒంటికన్న పొడవైన నాలుక రెప్పపాటులో వెళ్ళి, పురుగును అంటించుకు వస్తుంది. నీళ్ళయినా గిన్నెలోవి తాగదు, ఆకులమీది చుక్కలే నాకుతుంది.

విదేశాల్లో వీటిని పెంచేవాళ్ళు ఒక ఉపాయం కనిపెట్టారు. నున్నటి లోతైన గిన్నెలో బతికున్న కీచురాళ్ళు వేసి కొమ్మ పక్కన కడతారు. అవి గోడ పాకలేక లోపలే తిరుగుతుంటాయి. ఊసరవెల్లి మొదట అనుమానిస్తుంది. తొందరపెట్టకుండా ఉంటే, కొన్నాళ్ళకు గిన్నెలోకే నాలుక విసురుతుంది.

మన దేశంలో మాత్రం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం దీన్ని పట్టి పెంచడం నేరం. మీ తమ్ముడెవరైనా ఒకదాన్ని అట్టపెట్టెలో దాచాడా? తిండి లేక అది రోజురోజుకూ నీరసిస్తుంది. నాన్నగారితో చెప్పి, ఇవాళే దొరికిన చోటికి తీసుకువెళ్ళండి. కొమ్మను దాని ముందు పెడితే, అదే ఎక్కుతుంది.