చేనునకు నీరు మోయు బండిలో ట్యాంకును కట్టు విధము

ఆస్పరి చుట్టుపట్ల మెట్ట చేలలో పత్తికి గాని, టమాటాకు గాని, మిరపకు గాని మందు చల్లవలెనన్న ముందుగ నీటి సంగతి చూచుకొనవలెను. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందని చేలకు బోరు ఉన్న చోటు నుండియో, ఊరి నుండియో నీరు బండి మీద రావలసినదే. చేతి పంపుతో పిచికారి చేయునప్పుడు ఎకరమునకు సుమారు 200 లీటర్ల నీరు పట్టును. అయిదెకరములకు 1000 లీటర్లు. లీటరు నీరు ఒక కిలో తూగును గనుక ఇది ఒక టన్ను బరువు.

పూర్వము ఎద్దుల బండిలో పీపా పెట్టుకొని మెల్లగ పోయెడివారు. ఇప్పుడు ట్రాక్టరు ట్రెయిలరులు, మూడు చక్రముల సరకుల ఆటోలు, చిన్న ట్రక్కులు ఆ పని చేయుచున్నవి. బరువు పెరిగినది, వేగము పెరిగినది. కట్టు తీరు మాత్రము చాలచోట్ల పీపాల నాటిదే. మిద్దె మీద కదలక ఉండుటకు చేసిన ప్లాస్టిక్ ట్యాంకును ట్రెయిలరులో నిలిపి, మూతి క్రింద ఒక తాడు చుట్టి, దాని ప్రక్కనే కూలి మనుష్యులను కూర్చుండబెట్టి తీసికొనిపోవుట ఈ రస్తాలలో తరచు కనిపించును. ఆ ట్యాంకు ఒరిగినచో మొదట దాని క్రింద పడువారు వారే.

వేరుసెనగ మూట వేసినచోట ఉండును. నీరు అట్లుండదు. నిండుకుండ తొణకదని మనవారు ఊరక అనలేదు. నిండిన ట్యాంకులో నీటికి కదలుటకు చోటు లేదు. సగము నిండిన ట్యాంకులో బ్రేకు వేసిన క్షణమున నీరంతయు ముందు గోడను కొట్టి, మరల వెనుకకు పోయి రెండవ దెబ్బ కొట్టును. మలుపులో నీరు బయటి వైపునకు చేరి, బండి ఏ వైపునకు ఒరుగుచున్నదో ఆ వైపుననే బరువు పెంచును. కనుక సగము ట్యాంకు తేలిక, క్షేమము అనుకొనుట పొరపాటు. పెద్ద ట్యాంకు కొని, బండి మోయలేదని సగము నింపుటకంటె, బండి మోయగల పరిమాణము గల చిన్న ట్యాంకు కొని మూతి వరకు నింపుట మేలు. ఖాళీ బండి బరువు, సరకుతో కలిపి ఉండదగిన బరువు రిజిస్ట్రేషను పుస్తకములో వ్రాసి యుండును. రెండింటి తేడాయే మోయదగిన బరువు. అందులో నుండి ట్యాంకు, పంపు, మనిషి బరువు తీసివేయగా మిగిలిన కిలోలే లీటర్లు.

మా అభిప్రాయములో ఒక పెద్ద ట్యాంకు కంటె 200 లీటర్ల పీపాలు అయిదు ఉత్తమము. ఒకదాని తరువాత ఒకటి ఖాళీ చేసినచో ఎప్పుడైనను సగము నీటితో ఉండునది ఒక్కటే. ఆ ఒక్కదానినైనను అక్కడనే పూర్తిగ వాడి, తరువాత బండి కదలించవచ్చును. పెద్ద ట్యాంకర్ల లోపల రంధ్రములు గల అడ్డుగోడలు పెట్టుటయు ఇందుకొరకే. పీపాలను సందు లేకుండ చేర్చి, అన్నిటిని కలిపి ఒక మోకుతో చుట్టి, ఆ గుంపును బండి అడుగునకు కట్టవలెను. రెండు చక్రముల ట్రెయిలరులో వెనుక పీపాలను ముందుగ ఖాళీ చేయవలెను. బరువంతయు ఇరుసునకు వెనుక మిగిలినచో ట్రెయిలరు ముక్కు పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రములకు నేల మీద పట్టు తగ్గును. చిన్న ట్రక్కులోను బరువు వెనుక అంచున ఉండరాదు. ముందు చక్రములు తేలికపడి స్టీరింగు మాట వినదు.

ఒకటే ట్యాంకు ఉన్నవారు కట్టు విషయములో ఎక్కువ శ్రద్ధ చూపవలెను. గంటకు 30 కిలోమీటర్ల వేగముతో పోవు బండిని 7 మీటర్లలో ఆపినచో, టన్ను నీరు సుమారు 500 కిలోల బలముతో ముందుకు త్రోయును. ఐరోపా దేశముల ప్రమాణము ఇంకను కఠినము: ముందు వైపునకు బరువులో పదింట ఎనిమిది వంతులు, ప్రక్కలకు, వెనుకకు సగము బలము తట్టుకొనునట్లు సరకు కట్టవలెను. అనగా టన్ను ట్యాంకు ముందుకు పోకుండ 800 కిలోల పట్టు కావలెను. మూతి చుట్టు వేసిన తాడు దీనికి చాలదు, పైగా మూతిని విరుచును.

మొదట అడుగు కదలకుండ చేయవలెను. ఇనుప రేకు తడిసిన తరువాత దానిపై ప్లాస్టిక్ సులభముగ జారును. మధ్య పాత రబ్బరు పట్టా పరచవలెను. ట్యాంకును ముందు గోడకు ఆనించి, మిగిలిన మూడు వైపుల చెక్క దిమ్మెలను బోల్టులతో అడుగునకు బిగించవలెను. సగము పని ఈ దిమ్మెలే చేయును. తరువాత ట్యాంకు ఎత్తులో మూడింట రెండు వంతుల దగ్గర, గాడి ఉన్నచోట, ఒక మోకును వలయముగ చుట్టి, దాని నుండి నాలుగు మూలలకు నాలుగు మోకులు ఏటవాలుగ దింపి, అడుగు చట్రమునకు ఉన్న కొక్కెములకు కట్టవలెను. ప్రక్క తలుపుల గొళ్ళెములకు ఎన్నడును కట్టరాదు. గొళ్ళెము ఊడినచో తలుపు, ట్యాంకు కలిసి పోవును. నైలాను తాడు సాగును, కొన్ని ప్లాస్టిక్ తాళ్ళు ఎండకు పెళుసుబారును. బిగింపు పట్టీలు కొనువారు, ఎంత బరువు భరించునో చీటీ మీద ముద్రించిన వాటినే కొనవలెను. మోకులో కట్టె దూర్చి మెలిపెట్టువారు ఆ కట్టెను కూడ కట్టివేయవలెను. లేనిచో అది గిర్రున తిరిగి ముఖమునకు తగులును.

నీరు నింపినప్పుడు ప్లాస్టిక్ ట్యాంకు ఉబ్బును, ఖాళీ అయినప్పుడు లోనికి తగ్గును. కనుక నింపిన పిదప ఒకసారి, కిలోమీటరు పోయిన తరువాత ఒకసారి, చేనులో నీరు వాడి తిరిగి వచ్చునప్పుడు మరొకసారి బిగించవలెను. మూడవది చాలమంది మరచెదరు. ఖాళీ ట్యాంకు తేలిక; గాలికి ఎగిరి వెనుక వచ్చు మోటారు సైకిలు మీద పడగలదు.

ట్రాక్టరు ట్రెయిలరులలో చాల వాటికి బ్రేకు లేదు. వంకలోనికి దిగునప్పుడు ట్రెయిలరు, నీరు కలిసి ట్రాక్టరును వెనుక నుండి త్రోయును. దిగుటకు ముందే తక్కువ గేరులో వేయవలెను, న్యూట్రలులో దిగరాదు. చేనులో మడి తిప్పుటకు విడదీసిన రెండు బ్రేకు పెడళ్ళను రస్తా ఎక్కుటకు ముందు కొండితో కలుపవలెను. ఒక చక్రమునకే బ్రేకు పడినచో ట్రాక్టరు అడ్డము తిరిగి, ట్రెయిలరు దానిపైకి వచ్చును. జతపరచు పిన్నుకు అడుగున క్లిప్పు ఉన్నదా అని చేతితో తడిమి చూడవలెను.

కూలివారిని ట్యాంకుతోపాటు ఎక్కించరాదు. సరకుల ట్రెయిలరులో మనుష్యులను చేరవేయుట 1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు కూడ విరుద్ధము. వారికి వేరుగ బండి పెట్టినచో ఖర్చగును, నిజమే. కాని ఆ బండిలోనే వారి త్రాగునీటి బిందెలు కూడ పోవును. మందు కలిపిన పీపాలకు దూరముగ ఉండును. పిచికారి పీపాలకు ఎర్ర రంగు పట్టె వేసి, వాటిని త్రాగునీటికి మరల వాడకుండ చూడవలెను, ఎన్నిసార్లు కడిగినను సరే.