చీపురుకు ఎన్ని హిట్ పాయింట్లు?

ఫస్ట్ లెవెల్ విజార్డ్‌కి మహా అయితే ఏడో ఎనిమిదో హిట్ పాయింట్లు ఉంటాయి. గట్టి దెబ్బ ఒకటి, చిన్న దెబ్బ ఇంకొకటి తగిలితే నేల మీద ఉంటాడు. డంజన్స్ అండ్ డ్రాగన్స్ మొదటిసారి ఆడేవాళ్ళు క్యారెక్టర్ రాసుకోడానికే ఒక సాయంత్రం పెడతారు. పేరు, ఊరు, నాన్నతో పడ్డ గొడవ, అన్నీ రాసుకుంటారు. అరగంటలో ఆ మనిషి చచ్చిపోతే, వచ్చే ఆదివారం మన రూము వైపు రారు. హాస్టల్లో కొత్త ఆటగాళ్ళు దొరకడమే గగనం. అందుకే తొలి పోరులో వాళ్ళ మీదకి దేన్ని వదలాలి అన్నది నాకు చిన్న విషయం కాదు. నేను వదిలేది ఇంటి సామాను.

ఆట తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ బయటికి తెచ్చిన ఈ ఆటలో ఒకడు కథ నడుపుతాడు, వాడు డీఎం. మిగతావాళ్ళు తలా ఒక పాత్ర. ఏం చేస్తారో నోటితో చెప్తారు, అది జరుగుతుందో లేదో ఇరవై ముఖాల పాచిక, అదే డీ20, తేలుస్తుంది. పాచిక మీద పడ్డ అంకెకి మీ బలం కలిపితే అవతలివాడి ఆర్మర్ క్లాస్‌ని, అంటే ఏసీని, అందుకోవాలి. అందుకుంటే దెబ్బ తగిలినట్టు. పుస్తకంలో లేని రాక్షసిని మనమే తయారుచేసుకుంటే హోమ్‌బ్రూ అంటారు. ఒక్కో పోరాటాన్ని పుస్తకం ‘ఎన్‌కౌంటర్’ అంటుంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆ మాటకి వేరే చరిత్ర ఉంది కాబట్టి నేను పోరు అనే అంటాను.

సామానే ఎందుకంటే, గోబ్లిన్‌ని కొడితే రక్తం వస్తుంది. దానికీ పిల్లలున్నారేమో అని ఆలోచించే ఆటగాడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు (ఉండాలి కూడా). చీపురుతో ఆ బాధ లేదు, విరిగితే విరిగింది. పైగా చీపురంటే ఏమిటో ఎవరికీ వర్ణించి చెప్పక్కర్లేదు. మన వాళ్ళకి ప్రాణమున్న వస్తువు కొత్త సంగతీ కాదు. దసరాకి మన వర్క్‌షాప్‌లో లేత్ మెషీన్‌కి కూడా పసుపూ కుంకుమా పెడతాం కదా. జపాన్ వాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి, వందేళ్ళు వాడిన పనిముట్టుకి ప్రాణం వస్తుందన్నారు. దాన్ని వాళ్ళు ‘సుకుమోగామి’ అంటారు.

ఐదో ఎడిషన్ పుస్తకంలో, నేను చెప్పే లెక్కలన్నీ 2014 నాటి రూల్స్‌వి, ఇలాంటి వస్తువులు మూడున్నాయి. తనంతట తాను నడిచే కవచం, ఎగిరే కత్తి, ఊపిరాడకుండా చుట్టేసే తివాచీ. వాటి అంకెలున్న రూల్స్ పత్రాన్ని 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద అందరికీ వదిలేశారు, కాబట్టి డబ్బు పెట్టకుండానే చూడొచ్చు. చూడండి, కానీ ఉన్నవి ఉన్నట్టు వాడకండి.

కవచం తీసుకోండి. ఏసీ 18, హిట్ పాయింట్లు 33. ఫస్ట్ లెవెల్ వాడి దాడికి సాధారణంగా +5 ఉంటుంది. అంటే డీ20 మీద 13 గానీ ఆపైన గానీ పడాలి, నూటికి 40 సార్లు. పదిసార్లు కొడితే ఆరుసార్లు ‘తగల్లేదు’ అనే మాటే వినాలి. దెబ్బకి సగటు 7.5 అనుకుంటే ఒక్కొక్కడు రౌండుకి మూడు పాయింట్లు లాగుతాడు, నలుగురూ కలిసి 12. అంటే మూడు రౌండ్లు. అదే ఏసీ 12 చేసి, హిట్ పాయింట్లు 58 పెట్టినా పట్టేది దాదాపు మూడు రౌండ్లే. కానీ ఇప్పుడు పదిలో ఏడు దెబ్బలు తగుల్తున్నాయి. ఇనుమనో రాయనో ఏసీ పెంచేయాలనిపిస్తుంది, ఆ ఆశని చంపుకోండి. రాయి గట్టిదనం హిట్ పాయింట్లలో చూపించండి.

రెండో గొడవ నిరోధకాలు. ఈ వస్తువులకి విషం ఎక్కదు, సైకిక్ దెబ్బ తగలదు, వశీకరణం పనిచెయ్యదు. వినడానికి సబబే. కానీ వశీకరణం పనిచెయ్యని వాటి మీద నిద్ర మంత్రం కూడా పారదు. ఫస్ట్ లెవెల్ విజార్డ్ చేతిలో ఉండేవి రోజుకి రెండు స్పెల్ స్లాట్లు, వాటిలో అన్నిటికన్నా బలమైనది ఈ నిద్రే. ఇక బార్డ్ అయితే ఎదుటివాడిని నోటికొచ్చినట్టు వెక్కిరించి గాయపరిచే మంత్రం మీద బతుకుతాడు, అది సైకిక్ దెబ్బ. వాడు ఆ పూటంతా గోడకి ఆనుకుని కూర్చోవాలి. నేను విషం ఒక్కటే ఉంచి మిగతావన్నీ తీసేస్తాను. మన వైపు ఆడవాళ్ళు తిట్టడం మొదలెడితే రోలు కూడా కరుగుతుంది, అందులో అబద్ధం ఏమీ లేదు.

మూడోది తివాచీ. ఆలోచన అద్భుతం, అంకెలు మాత్రం ప్రాణాంతకం. చుట్టేసిన మనిషికి వాడి టర్న్ మొదలైన ప్రతిసారీ 2డీ6+3, అంటే సగటున పది పాయింట్లు. మన విజార్డ్‌కి ఉన్నవి ఏడు. పైగా తివాచీని కొడితే సగం దెబ్బ లోపలున్నవాడికి పోతుంది, అంటే కాపాడబోయిన స్నేహితులే వాడిని చంపుతారు.

సరే, మరి మనవి ఎలా చెయ్యాలి? నేను పట్టుకున్న సూత్రం ఒక్కటే, వస్తువు తన పనే చేస్తుంది. దానికి పగ లేదు, కుట్ర లేదు. చీపురు ఊడుస్తుంది, రోకలి దంచుతుంది, గోనెసంచి నింపుకుని మూతి బిగిస్తుంది. అడ్డొచ్చింది మనిషైనా వడ్లైనా దానికి ఒకటే. గోథె 1797లో రాసిన మంత్రగాడి శిష్యుడి కవిత నడిచేది కూడా దీనిమీదే. చీపురు నీళ్ళు మోస్తూనే ఉంటుంది, ఆపే మాట కుర్రాడికి గుర్తు రాదు, గొడ్డలితో నరికితే రెండై రెట్టింపు నీళ్ళు మోస్తాయి. 1940లో డిస్నీ వాళ్ళ ‘ఫాంటేసియా’లో మిక్కీ మౌస్ పడ్డ అవస్థ అదే. పని దాడి అయినప్పుడు, పని ఎలా ఆగుతుందో అదే దాని బలహీనత.

ఇక్కడే మనకి ఏ విదేశీ పుస్తకంలోనూ లేని నిధి ఉంది. మన ఇళ్ళల్లో ప్రతి వస్తువుకీ ముందే రూల్స్ రాసిపెట్టారు. చీపురుని కాలితో తన్నకూడదు. దీపాలు పెట్టాక ఊడవకూడదు. ఖాళీ ఊయల ఊపకూడదు. ఉత్త కత్తెర ఆడించకూడదు. చిన్నప్పుడు ఇవి విని విసుక్కున్నవాళ్ళమే అందరం. డీఎం కళ్ళతో చూస్తే ఇవన్నీ తయారుగా ఉన్న గేమ్ మెకానిక్స్.

నా పోరు జరిగే చోటు, పట్టాల పక్కన ఎన్నాళ్ళుగానో మూతపడ్డ ఒక వడ్ల మిల్లు. మాది కొత్తవలస. హౌరా-చెన్నై మెయిన్ లైన్ నుంచి కిరండూల్ లైన్ చీలే జంక్షన్ కాబట్టి నా ఊహలో పట్టాలు లేని ఊరు ఉండదు. డ్రాగన్లున్న లోకంలో రైలేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

తలుపు తియ్యగానే రెండు కొండచీపుళ్ళు. ఏసీ 12, హిట్ పాయింట్లు 9, దాడికి +3. తగిలితే 1డీ4 దెబ్బ, దానితోపాటు పది అడుగులు వెనక్కి ఊడ్చేస్తుంది. అది ఎవర్నీ చంపదు, కానీ ముందు నిలబడాల్సిన ఫైటర్‌ని గుమ్మం బయటికి, వెనకుండాల్సిన విజార్డ్‌ని రోటి దగ్గరికి చేర్చేస్తుంది. గదిలో ఎవరైనా దీపం పెడితే, వెలుగు మంత్రమైనా సరే, చీపుళ్ళు మూలకి పోయి నిలబడిపోతాయి. కాలితో తన్నినవాడి మీదకి మాత్రం ఆ తర్వాతి దాడి అడ్వాంటేజ్‌తో వస్తుంది. మొన్న ఆడించినప్పుడు ఫైటర్ కాలెత్తగానే పక్కనున్నవాడు “ఒరే మావా, చీపురుని తన్నకురా, కళ్ళకద్దుకో బేగి!” అన్నాడు. బార్డ్‌గా ఆడుతున్న అమ్మాయి ఇంకో నిమిషానికి “ఇంత చీకట్లో ఊడుస్తందేటి? దీపం ఎట్టండర్రా, ఆగిపోద్ది” అంది. ఆ అమ్మాయి అంతవరకూ ఒక్క రూలు చదవలేదు. వాళ్ళ అమ్మమ్మ చెప్పింది గుర్తొచ్చింది, అంతే.

తర్వాత గోనెసంచి. గోగునార మన జిల్లాల పంట, దాన్ని నేసే జూట్ మిల్లులు మన చుట్టూ ఉన్నాయి, కాబట్టి తివాచీ బదులు ఇదే న్యాయం. ఏసీ 11, హిట్ పాయింట్లు 15, దాడికి +3. తగిలితే మనిషి తల మీంచి నడుందాకా దిగిపోతుంది, కళ్ళు కనబడవు, వాడి టర్న్ మొదట్లో 1డీ4 దెబ్బ. సగం దెబ్బ లోపలివాడికి అనే రూలు తీసేసి, బయటివాడి దాడి పాచిక మీద 1 గానీ 2 గానీ పడితేనే దెబ్బ లోపలివాడికి పోతుందని పెట్టాను. కత్తి ఉన్నవాడు ఒక యాక్షన్ ఖర్చుపెట్టి మూతి కుట్టు కోసేస్తే పాచిక వెయ్యకుండానే మనిషి బయటికొస్తాడు. నిప్పు అంటిస్తే సంచికి రెట్టింపు దెబ్బ, లోపలున్నవాడికీ 1డీ4. విజార్డ్ వేలు నిప్పు మంత్రం మీదకి పోవడం, లోపలివాడు “వద్దురా బాబో” అని అరవడం, ఇది ప్రతిసారీ జరుగుతుంది.

లోపలి గదిలో రోలూ రోకలీ. ఒకే ప్రాణం, రెండు ఒళ్ళు. ఏసీ 12, హిట్ పాయింట్లు రెంటికీ కలిపి 45, రోలు టర్న్‌కి పది అడుగులే దొర్లుతుంది. రోకలి దాన్ని వదిలి పది అడుగులు దాటి పోదు. దాడికి +4, పొన్ను తగిలితే 1డీ8+2. పారిపోదామనుకుంటే ఎవరైనా పారిపోగలరు, ఫస్ట్ లెవెల్‌లో అది ముఖ్యం. మా నాయనమ్మ ఉత్త రోట్లో రోకలి పోటు వెయ్యనిచ్చేది కాదు. అందుకే మూల బస్తాలో గుప్పెడు వడ్లు పెడతాను. ఎవరైనా అవి రోట్లో పోస్తే రోకలి ఆ రౌండంతా వడ్లే దంచుకుంటుంది. బస్తా మొత్తం పోస్తే పోరు అక్కడితో అయిపోయినట్టే.

ఇక్కడ ఒక్క లెక్క కాస్త నిదానంగా చూడండి. డీ20 మీద 20 పడితే దెబ్బ పాచికలు రెట్టింపు, రోకలికి 2డీ8+2. ఏడు పాయింట్ల విజార్డ్‌కి ఒకే దెబ్బలో 14 తగిలితే, సున్నా దాటి మిగిలిన దెబ్బ వాడి పూర్తి హిట్ పాయింట్లతో సమానం, అంటే స్పృహ తప్పడం లేదు, అక్కడికక్కడే చావు. రెండు డీ8లు కలిపి 12 గానీ ఎక్కువ గానీ పడే అవకాశం 64లో 15. ఇరవైలో ఒకసారి పడే అంకె, అందులో దాదాపు నాలుగో వంతు. తక్కువే. కానీ కొత్తగా వచ్చిన జూనియర్ మొదటి సాయంత్రాన్ని నేను ఆ అంకె మీద పెట్టను. నా రోకలికి 20 పడితే దెబ్బ రెట్టింపు కాదు, మనిషి వెల్లకిలా పడతాడు. లేవడానికి సగం నడక ఖర్చు, అందరూ గోల పెడతారు, ఎవడూ చావడు.

మొత్తం బరువు చూసుకోవాలి. పుస్తకం లెక్కలో చీపురు ఒక్కోటి 25 ఎక్స్‌పీ, సంచి 50, రోలు-రోకలి జంట 100 అని నా అంచనా. నలుగురు ఫస్ట్ లెవెల్ వాళ్ళకి 100 సులువు, 200 మధ్యస్థం, 300 కష్టం, 400 ప్రాణాంతకం. శత్రువులు మూడు నుంచి ఆరు ఉంటే మొత్తాన్ని రెండుతో గుణించాలి, ఎందుకంటే అసలు ప్రమాదం అంకెల్లో కన్నా ఎన్ని చేతులు కొడుతున్నాయన్నదాంట్లో ఉంది. చీపుళ్ళూ సంచీ కలిపి 100, గుణిస్తే 200. తర్వాత రోలు విడిగా 100. బాగుంది. నాలుగూ ఒకేసారి వదిలితే మొత్తం 200, గుణిస్తే 400. సామాను అదే, మధ్యలో తలుపు వెయ్యడం మర్చిపోతే చాలు. కాబట్టి మధ్య తలుపుకి బయటినుంచి గడియ పెట్టండి.

ఇంకో సంగతి. కదలకుండా ఉంటే మామూలు వస్తువులాగే కనబడతాయని పుస్తకం రూలు. ఒకసారి చీపురు చేతిలో తన్నులు తిన్నాక, ఆటగాళ్ళు ఆపై కనబడ్డ ప్రతి గరిటెనీ కత్తితో పొడిచి చూస్తారు, ఆట సాగదు. అందుకని ముందే ఆనవాలు ఇవ్వండి. మిల్లంతా వేలెడు దుమ్ము, రోటి అంచు మాత్రం నున్నగా మెరుస్తోంది, పొన్నుకి తడి తవుడు అంటుకునుంది. ఇది విని కూడా దగ్గరికెళ్ళినవాడు తెలిసే వెళ్ళినట్టు.

చివరగా రైలు. పుస్తకంలో ఈ వస్తువులకి కళ్ళుండవు, అరవై అడుగుల లోపు ఏముందో చూపు లేకుండానే తెలుస్తుంది, అది దాటితే గుడ్డివి. నేల అదురు ద్వారా తెలుస్తుందని నేను పెట్టుకున్నాను. ప్రతి రౌండ్ మొదట్లో ఒక డీ6 వెయ్యండి. 6 పడితే బైలదిల్లా ఇనుప ఖనిజం మోసుకుని విశాఖ పోర్టుకి పోయే గూడ్సు బండి పక్క నుంచి పోతుంది. మిల్లంతా అదురుతుంది, ఆ రౌండ్ వస్తువులకి ఎవరెక్కడున్నారో తెలియదు, వాటి దాడులన్నీ డిసడ్వాంటేజ్‌తో. మాట వినబడదు కాబట్టి ఆటగాళ్ళు కూడా ఆ రౌండ్ ఒకరితో ఒకరు సైగలతోనే మాట్లాడుకోవాలి, నిజంగానే, టేబుల్ దగ్గర.

వస్తువుని విరగ్గొట్టినా, దీపం పెట్టి ఆపినా, వడ్లు పోసి ఆపినా ఎక్స్‌పీ మాత్రం పూర్తిగా ఇవ్వండి. ఆగిన చీపురుని వెంట తీసుకెళ్తామంటే తీసుకెళ్ళనివ్వండి. పగలు మామూలు చీపురే. చీకటి పడ్డాక ఎవరూ దీపం పెట్టకపోతే, క్యాంపు చుట్టూ ఊడవడం మొదలుపెడుతుంది.